కుడి డిప్ప

మా వదిన ఇప్పుడు తపాలా విభాగంలో కవర్లు అంటిస్తోంది. పద్నాలుగేళ్లు మనుషుల మాటలు విని టైపు చేసిన మనిషి! తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆడపడుచువై ఉండి వదినని ఇంత వెనకేసుకొస్తావేమిటని మా అన్నయ్య ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. జరిగింది చెబుతాను, ఒళ్లు మండాలో వద్దో మీరే తేల్చండి.

ఆమెది ఫిర్యాదులు విచారించే ఆఫీసు. విచారణ గదిలో బల్ల మీద రెండు మైకులు. అడిగే అధికారి ముందు ఒకటి, చెప్పుకునే మనిషి ముందు ఒకటి. రికార్డింగులో అధికారి గొంతు ఎడమ చెవిలోనే, అవతలి మనిషి గొంతు కుడి చెవిలోనే వస్తుంది. పై అంతస్తులో పదకొండు మంది ఆడవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో రికార్డింగును ఆపుతూ నడుపుతూ విన్నది విన్నట్టు టైపు చేస్తారు. మాట తెలియకపోతే "అస్పష్టం" అని కొట్టి ముందుకు పోతారు. టైపైన కాగితం ఒకటి ఫైలుకు, ఇంకొకటి ఫిర్యాదు చేసినవాళ్లకు. ఏ విచారణలో ఎవరి ఫిర్యాదు ప్రస్తావన వచ్చినా వాళ్లకో ప్రతి పోవాల్సిందే, అది అక్కడి రూలు.

రోజుకు ఏడు గంటలు ఒక్కో చెవిలో ఒక్కో మనిషి. ఇంట్లో ఎవరేం అడిగినా వదిన ఎడమవైపు తిరిగేది. అన్నయ్య ఎదురుగా నిలబడి "స్టవ్ ఆపావా?" అన్నా ఎడమవైపే. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. నేను కూడా నవ్వాను, ఇప్పుడు సిగ్గేస్తోంది.

నేను స్పీకర్లూ హెడ్‌ఫోన్లూ బాగుచేసే షాపులో పనిచేస్తాను. ఆ ఆఫీసు సరుకంతా మా దగ్గరికే వస్తుంది. ఒకరోజు వదిన తన హెడ్‌ఫోన్లు తెచ్చింది. చెవి మీద కూర్చునే డిప్పల్లో కుడిది వదులై వేలాడుతోంది.

"మీ ఆఫీసువన్నీ కుడివైపే ఎందుకు వదులవుతాయి వదినా?"

"మధ్యాహ్నానికి తల పగిలిపోతుందే. తట్టుకోలేక అందరం కుడి డిప్ప చెవి మీంచి పైకి జరిపేస్తాం."

"ఎడమది జరపొచ్చుగా?"

"ప్రశ్న తప్పు పడితే అధికారి ఊరుకుంటాడా? జవాబు తప్పు పడితే ఎవరు చూడొచ్చారు?"

హెడ్‌ఫోన్లు విప్పి ముందేసుకున్నాను.

గదిలో ఎవరు మాట్లాడినా రెండు చెవులకూ వినిపిస్తుంది. దూరంగా ఉన్న చెవికి ఆ మాట రవ్వంత ఆలస్యంగా, రవ్వంత మెత్తగా చేరుతుంది, అంతే తేడా. హెడ్‌ఫోన్లు ఆ దారి మూసేస్తాయి. ఎడమవైపు శబ్దాన్ని కొంచెం కుడికీ, కుడివైపుదాన్ని కొంచెం ఎడమకీ, అదే ఆలస్యంతో అదే మెత్తదనంతో పంపిస్తే మనుషులు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. దీన్ని క్రాస్‌ఫీడ్ అంటాం. సబ్బుపెట్టెలో పట్టేంత సరంజామాతో ఒకటి తయారుచేసి, హెడ్‌ఫోన్ల వైరుకు మధ్యలో తగిలించుకోమన్నాను. అది రికార్డింగు జోలికి పోదు. వినేవాళ్ల చెవులతోనే దాని పని.

మూడో రోజుకు తలనొప్పి పోయింది. అక్కడితో ఆగితే మా వదిన ఎందుకవుతుంది? తాను "అస్పష్టం" అని కొట్టినవన్నీ తీసి మళ్లీ వినడం మొదలుపెట్టింది. అందులో ఒకటి, కార్ఖానా మంటల్లో భర్త పోయిన ఒకావిడ విచారణ. ఆవిడ మాట పూర్తికాకుండానే అధికారి తర్వాతి ప్రశ్న అందుకున్నాడు. ఆ ప్రశ్న కింద సన్నటి గొంతు, "తలుపుకి బయట తాళం వేసుందండీ."

ఆ రోజు వదిన అన్నం ముట్టలేదు. "ఆవిడ చెప్పిందే. నేనే డిప్ప జరిపేశాను" అంది.

మర్నాడు సవరణ రాసి, ఎలా వినగలిగిందో కూడా దాచకుండా రాసి, తన పై ఆఫీసరుకు ఇచ్చింది. ఆయన్ని ఆ అంతస్తులో రూళ్లకర్ర అంటారు.

"రెండు గొంతులూ కలిపేశావా? సాక్ష్యంతో ఆటలా?"

"కలిసింది నా చెవుల్లోనండీ, రికార్డింగులో కాదు."

"కుడి కుడే, ఎడమ ఎడమే. రూలు!"

ఆ పెద్దమనిషి ఒక్క నిమిషం ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సరిపోయేది. పెట్టుకుంటే ఒట్టు! నా పెట్టె లాక్కున్నాడు, సవరణ చెత్తబుట్టలో వేశాడు, వదిన మీద విచారణ పెట్టించాడు. తాళం సంగతి ఒక్కడంటే ఒక్కడు ఎత్తలేదు. ఒక మనిషి కాలిపోయాడు, వీళ్లకు కుడీ ఎడమా కావలసొచ్చింది!

విచారణ అదే గదిలో, అదే బల్ల దగ్గర, కుడి మైకు ముందు. చివర్లో ఇంకేమైనా చెప్పుకునేదుందా అని అడిగారట, వదిన చెప్పిందట. ఏం చెప్పావంటే, "కాగితంలో వస్తుందిగా, చదువుకో" అంది. ఆ వారమే ఆమెను అదే ఆఫీసులో ఉత్తరాలు పంపే తపాలా విభాగానికి తోసేశారు.

వదిన విచారణ టైపైన కాగితం సంతకం కోసం ఆమెకే వచ్చింది. ఆఖరి ప్రశ్న ఉంది. దాని కింద జవాబు, "అస్పష్టం."

అది టైపు చేసింది వదిన పక్క సీటు అమ్మాయి. మర్నాడు భోజనాల వేళ, బాగైన హెడ్‌ఫోన్లు అప్పగించే వంకతో అలాంటిదే ఇంకో పెట్టె చేసి సంచిలో వేసుకుని వదిన వెంట పైకి వెళ్లాను. ఆ అమ్మాయిని కడిగేద్దామనే వెళ్లాను.

"అలవాటుగా జరిపేశానక్కా. నీ గొంతని తెలిసి కూడా జరిపేశాను" అని ఏడ్చింది ఆ అమ్మాయి.

నేను నోరు తెరవబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఊరుకోవే" అంది. పెట్టె తగిలించి, రెండు డిప్పలూ తన చేతులతోనే ఆ అమ్మాయి చెవుల మీద సరిగ్గా పెట్టింది. ఆ అమ్మాయి పెడల్ నొక్కింది. రెండుసార్లు వింది. "అస్పష్టం" చెరిపేసి టైపు చేసింది. వెనక నిలబడి చదివాను.

"కార్ఖానా మంటల కేసులో ఆవిడ, తలుపుకి బయట తాళం వేసుందని చెప్పారు. నేను ఒక్క చెవే పెట్టడం వల్ల అది వినలేదు. దానికి నన్నేం చేసినా చెయ్యండి. ఆవిడ మాట మాత్రం ఎక్కించండి."

వదిన కింద సంతకం పెట్టింది. రూళ్లకర్ర చదవకుండానే ముద్ర కొట్టాడు. చదివితే ఆయనకూ తెలిసేది, ఏ ఫిర్యాదు ప్రస్తావన వచ్చిందో, ఎవరికి ప్రతి పోవాలో.

రెండు రోజుల తర్వాత తపాలా విభాగానికి వచ్చిన కవర్లలో ఒకటి ఆవిడ పేరు మీద ఉంది. వదినే అంటించింది.