ఇంకా తేల్చుకోలేదట

బెరిల్ అవుట్‌వెయిట్ దృష్టిలో ఈ భూమ్మీద ఏ విషయంలోనైనా తేల్చుకున్న మనిషంటూ ఎవరూ లేరు. ఓక్‌షా ఊళ్ళో మా ఎర్ర పార్టీ తరఫున ఆమె తట్టని తలుపు లేదు. ఏ తలుపు తట్టి వచ్చినా చెప్పేది ఒకటే మాట: "ఇంకా తేల్చుకోలేదట, బంగారం."

బంగారం అంటే నేనేనని పొరపడేరు. ఆమెకి అందరూ బంగారమే. పాలవాడు బంగారం, వాడి కుక్క బంగారం. ఒకసారి తప్పుదారిలో సైకిలు తొక్కుకొస్తుంటే ఆపిన పోలీసు కూడా బంగారమే. ఆయన జరిమానా వెయ్యనా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడట. "తొందరేం లేదు బంగారం, నిదానంగా తేల్చుకో" అనేసి సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఎలక్షన్ వచ్చిందంటే ఇంటింటికీ వెళ్ళి ఓటెవరికని అడగడం మా దేశంలో అన్ని పార్టీలకీ ఆనవాయితీ. "మీకే" అన్నారా, మనవాళ్ళే, ఓట్ల రోజుదాకా ఆ గుమ్మం తొక్కక్కర్లేదు. "అవతలివాళ్ళకి" అన్నారా, అసలు ఎప్పటికీ తొక్కక్కర్లేదు. తేల్చుకోలేదంటే మాత్రం మళ్ళీ వెళ్ళాలి, కుదిరితే ఆ మర్నాడే వెళ్ళాలి.

ఓక్‌షా వార్డుకి సెక్రటరీని నేను, గోర్డన్ హార్‌గ్రీవ్స్‌ని. నా తలుపు మాత్రం ఏ పార్టీవాడూ ఎన్నడూ తట్టలేదు. గోర్డన్ ఎటో ఊళ్ళో పిల్లికి కూడా తెలుసు. దానికి నేను గర్వపడేవాణ్ణి కూడా. మా ఆవిడ మార్జొరీ పోయాక ఆ తలుపు తట్టేవాళ్ళు బొత్తిగా లేకుండా పోయారు గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

మిగతావాళ్ళు ఒక సాయంత్రం మూడు వీధులు చుట్టబెట్టేస్తే బెరిల్‌కి కాలువ వీధిలో సగం కూడా అయ్యేది కాదు. చొక్కాకి గుచ్చుకున్న ఎర్ర రిబ్బను పువ్వులో కేకు పొడి, చంకలో ఎవరో ఇచ్చిన ఉల్లిపాయ ఊరగాయ సీసా పెట్టుకుని వచ్చేది.

"వాల్టర్ ఓగ్డెన్ ఏమన్నాడు?" అనేవాణ్ణి.

"ఇంకా తేల్చుకోలేదట."

"పక్కింట్లో వాళ్ళ తమ్ముడు హెరాల్డ్?"

"ఆయనా అంతే."

"సరే, ఆ మూలింటివాళ్ళు? కిటికీ నిండా నీలం పార్టీ జెండాయే కట్టారు కదా!"

"కట్టారు. ఊగుతున్నారు బంగారం. జెండా కాదు, మనుషులు."

ఒకసారి ఒకాయన పోయాడని తెలిసి, "లిస్టులోంచి ఆయన పేరు కొట్టేయనా బెరిల్?" అని అడిగాను. "అప్పుడే వద్దు. వాళ్ళావిడ ఇంకా నమ్మలేదు" అంది. ఆ పేరు అలాగే ఉంచేశాను.

బ్రెగ్జిట్ గొడవ వచ్చాక ఆమె జబ్బు దేశానికే అంటుకుంది. యూరప్‌తో కలిసుందామా, విడిపోదామా అని జనం ఓటేశారు. పోదామన్నవాళ్ళు కాస్త ఎక్కువ తేలారు. ఎలా పోవాలో తేల్చమంటే పార్లమెంటు మూడేళ్ళు కూర్చుని తేల్చలేకపోయింది. పొద్దున్న లేస్తే పేపర్లో జనాభిప్రాయం లెక్క ఒకటి. సోమవారం మా పార్టీ లేచేది, బుధవారానికి పడేది. ఊరంతా పార్లమెంటుని దుమ్మెత్తి పోస్తుంటే బెరిల్ ఒక్కతే జాలిపడింది. "వాళ్ళూ ఇంకా తేల్చుకోలేదట, పాపం" అనేది.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ అవి నవ్వే రోజులు కావు. పెద్దవాళ్ళు పార్లమెంటులో తేల్చలేకపోయారు, చిన్నవాళ్ళు ఇళ్ళల్లో తేల్చేసుకున్నారు. పబ్బులో ఇటువాళ్ళు పొయ్యి పక్కన, అటువాళ్ళు కిటికీ పక్కన. క్రిస్మస్ భోజనానికి అన్నదమ్ములొకరింటికి ఒకరు వెళ్ళడం మానేశారు. ఓగ్డెన్ సోదరులనే తీసుకోండి. ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు, ఒకే మిల్లులో పక్కపక్క మగ్గాల మీద జీవితం గడిపినవాళ్ళు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య గోడ ఒకటే. మిల్లు యంత్రాలు ఊడదీసి అమ్మేసిననాడే యూరప్ మీద ఆశ పోయిందంటూ వాల్టర్ పోదామన్నాడు. మనవరాలు లిస్బన్‌లో కాపరముంటోంది కాబట్టి హెరాల్డ్ ఉందామన్నాడు. అంతే, ఆ ఓటు రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. భార్యలు పోయి, ఒకరికొకరు మిగిలినవాళ్ళు అలా చెయ్యడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

చివరికి డిసెంబరు చలిలో ఎలక్షన్ పెట్టారు. మా తాత కాలం నుంచీ మావాళ్ళే గెలుస్తున్న సీటు ఓక్‌షా. ఈసారి పోతుందని పేపర్లన్నీ ఘోషిస్తున్నాయి. లండన్ నుంచి ఇమోజెన్ అనే అమ్మాయిని పంపారు మమ్మల్ని దారిలో పెట్టడానికి. తెలివైనదే, కష్టపడేదే. ఆమె ఫోను తెరిచి ఓక్‌షా లెక్కలు చూసి కెవ్వుమంది.

"గోర్డన్ గారూ! కాలువ వీధిలో ఒక్కరు కూడా తేల్చుకోలేదా? దేశం మొత్తంలో ఇలాంటి వీధి లేదు! ఇది బంగారు గని!"

"గని కాదమ్మా, బంగారం" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

ఆదివారం లండన్ నుంచి బస్సు నిండా కుర్రకారు దిగారు. కాలువ వీధి మీద చీమల్లా పాకారు. చీకటి పడ్డాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు, నడవలేక. ప్రతి ఇంట్లోనూ టీ, టీతో కేకు, కేకు మీద చీజు ముక్క.

"ఏమన్నారు?" అంది ఇమోజెన్ ఆత్రంగా.

"ఇంకా తేల్చుకోలేదట. మళ్ళీ రమ్మన్నారు" అన్నారు అందరూ.

ఇమోజెన్ తెలివైన పిల్లని చెప్పాను కదా. బస్సు వెళ్ళిపోయాక నన్ను పక్కకి పిలిచింది. "ఇందులో ఏదో ఉంది గోర్డన్ గారూ. మన టైమంతా ఆ వీధి తాగేస్తోంది. శనివారంలోగా మీరే వెళ్ళి నిజం కనుక్కురండి. బెరిల్ గారు చెప్పేది తప్పయితే ఆమెని వీధుల్లోంచి తీసేద్దాం. ఆఫీసులో కూర్చుని కాగితాలు మడతపెడతారు."

ఆ సంగతి బెరిల్‌కి చెప్పాల్సినవాణ్ణి నేనే. టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. మొదటిసారి నన్ను బంగారం అనలేదు.

"నా వీధి నాకుంచు, గోర్డన్."

"ఉంచడానికే వెళ్తున్నా."

"నువ్వా? వద్దు వద్దు. నువ్వు ముక్కుసూటిగా అడిగేస్తావు. వాళ్ళు చెప్పేస్తారు!"

ఆ మాట నాకు అప్పుడు వింతగా తోచింది. మర్నాడు వాల్టర్ తలుపు తడితే, నా చెయ్యి ఇంకా కిందికి దిగకముందే తీశాడు. టై కట్టుకుని ఉన్నాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి కాస్త డీలాపడ్డాడు.

"బెరిల్ రాలేదేం?"

"ఇవాళ నేనొచ్చా. ఓటెవరికి వాల్టర్?"

"ఇదేం ప్రశ్నయ్యా? మీకే. మా నాన్న మీకే వేశాడు, వాళ్ళ నాన్న మీకే వేశాడు. బ్రెగ్జిట్ సంగతి వేరు, ఇది వేరు."

నాకు తల తిరిగింది. "మరి తేల్చుకోలేదని ఎందుకు చెప్పావు?"

"ముందటేడు ఎలక్షన్‌కి తేల్చి చెప్పాగా, మీ కుర్రాడెవడికో. 'థాంక్యూ సార్' అని వెళ్ళాడు. మళ్ళీ ఒక్కడొచ్చాడా? ఒక్కడొచ్చాడా అని అడుగుతున్నా! నీలం వాళ్ళకి కూడా మొన్న ఇదే చెప్పా, ఇంకా ఆలోచిస్తున్నానని. పాపం, రేపొస్తామన్నారు." టీ పోస్తూ పోస్తూ ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు, నాతో కాదన్నట్టు, గోడవైపు తల ఊపాడు. "బెరిల్ కనిపిస్తే అడుగు. అవతలాయన దగ్గు తగ్గిందో లేదో. తెల్లవార్లూ వినపడుతోంది. నాకు అనవసరమనుకో, నిద్ర పాడవుతోందని."

హెరాల్డ్ ఇంటికి వెళ్ళాను. ఈయన మమ్మల్ని ఓడించి తీరాలనే పట్టుదల మీదున్నాడు.

"మీకా? చచ్చినా వెయ్యను. ఉందామని గట్టిగా ఒక్క ముక్క చెప్పలేని పార్టీ ఒక పార్టీయా! ఈసారి ఉందామనే పసుపు పార్టీకే నా ఓటు. నిలబడ్డావేం, కూర్చో. చక్కెర ఎన్ని చెంచాలు?"

"ఈ ముక్క బెరిల్‌తో చెప్పొచ్చుగా?"

"చెప్పా. మొదటిరోజే చెప్పా. 'నాకు సరిగ్గా వినపడలేదు బంగారం, వచ్చే వారం వచ్చి మళ్ళీ అడుగుతా' అంది." ముసిముసిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అటాయన రేడియో చూడు, ఎంత గట్టిగా పెడతాడో. చెవులు పోతున్నట్టున్నాయి. డాక్టరుకి చూపించుకోమని బెరిల్‌తో కబురు పెట్టా. నేనన్నానని చెప్పొద్దన్నా. నీళ్ళపైపు గడ్డకట్టినప్పుడు కూడా ఆవిడే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరేసింది. లేకపోతే ఇద్దరం గడ్డకట్టిపోయేవాళ్ళం."

గోడ మీద పిల్లి అని రెండు వైపులా కాళ్ళు పెట్టేవాళ్ళని తిడతాం. ఆ గోడ మీద అటూ ఇటూ తిరిగే పిల్లి ఒకటి లేకపోతే ఆ రెండిళ్ళకీ మధ్య మిగిలేది ఇటుకలే. కాలువ వీధంతా అంతే. తేల్చుకున్నవాళ్ళ గుమ్మం ఎవరూ తొక్కరని బెరిల్‌కి తెలుసు. అందుకని వీధి మొత్తాన్నీ తేల్చుకోనివ్వకుండా కాపాడుకొచ్చింది.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఇమోజెన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల కుర్చీలో బెరిల్, టోపీ తియ్యకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేరం చేసి జడ్జి మాట కోసం కూర్చున్నదానిలా ఉంది.

"చెప్పండి గోర్డన్ గారూ. ఎటు ఉన్నారు వాళ్ళు?"

నేను జీవితంలో లెక్క తప్పు చెప్పిన మనిషిని కాను. గొంతు సవరించుకున్నాను.

"ఇంకా తేల్చుకోలేదట" అన్నాను.

ఇమోజెన్ తల పట్టుకుంది. బెరిల్ టోపీ తీసి బల్ల మీద పెట్టి, "టీ ఎవరికి కావాలి?" అంది.

ఎలక్షన్‌లో ఘోరంగా ఓడిపోయాం. కాలువ వీధి వల్ల కాదు, ఓక్‌షా వల్లా కాదు. మాలాంటి మిల్లు ఊళ్ళు వరసగా కూలాయి. తాతల నాటి సీటు నా కళ్ళముందే నీలం రంగుకి మారిపోయింది. ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది, అబద్ధమెందుకు. స్టేషన్లో రైలెక్కే ముందు ఇమోజెన్ చిన్నపిల్లలా ఏడ్చేసింది. బెరిల్ ఆమెని దగ్గరికి తీసుకుంది.

"ఊరుకో బంగారం. జనం ఇంకా..."

"బెరిల్!" అని గసిరాను.

"...మంచివాళ్ళే అనబోయానయ్యా" అంది.

ఓటమి మీద జరిపిన మీటింగులో ఒకరినొకరు తిట్టుకున్నారు. ఉందామన్నవాళ్ళ వల్ల పోయిందని కొందరు, పోదామన్నవాళ్ళ వల్ల పోయిందని కొందరు. నేను లేచి, "ఇక నాకూ పార్టీకీ చెల్లు" అని ఇంటికొచ్చేశాను. ఎవరూ వెనక రాలేదు. గోర్డన్ అన్నాడంటే అన్నట్టేనని అందరికీ తెలుసు.

జనవరి ఆఖరున దేశం అధికారికంగా యూరప్‌ని విడిచిన రోజు. బయట వాన. టీవీలో ఒకచోట పాటలు, ఒకచోట ఏడుపులు. కట్టేసి కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. మా తలుపేనని నమ్మడానికి కాస్త సమయం పట్టింది. తీస్తే బెరిల్. తడిసిన కోటు మీద ఎర్ర రిబ్బను పువ్వు.

"ఎలక్షన్ అయిపోయింది బెరిల్."

"అయిపోయింది. నువ్వు ఊగుతున్నావని విన్నా."

"ఊగడం లేదు. తేల్చేసుకున్నా. మానేస్తున్నా."

ఆమె నన్ను దాటి వంటింట్లోకి చూసింది. సింకు పక్కన బోర్లించిన కప్పు ఒక్కటే ఉంది. లోపలికొచ్చి, అలమారా తెరిచి మార్జొరీ కప్పు తీసి, కడిగి, దాని పక్కన పెట్టింది. సంచిలోంచి అల్లం కేకు ముక్క తీసింది.

"వాల్టర్ చేశాడు. హెరాల్డ్‌కి ఇమ్మన్నాడు, తను చేశానని చెప్పొద్దన్నాడు. హెరాల్డ్ వాసన చూసి, 'వాడికి అల్లం ఎంత వెయ్యాలో ఈ జన్మకి తెలీదు' అని సగం తిని సగం నీకు పంపాడు."

"మాట్లాడుకుంటున్నారా?"

"ఇంకా తేల్చుకోలేదు. కానీ నిన్న హెరాల్డ్ గోడ మీద కొట్టాడు, రేడియో తగ్గించమని."

"వాల్టర్?"

"తగ్గించాడు."

ఇద్దరం టీ తాగాం. కేకులో అల్లం ఎక్కువైన మాట నిజమే. వెళ్ళబోతూ గుమ్మంలో టోపీ సర్దుకుంది.

"మరి నీ గురించి ఏమని చెప్పను బంగారం? తేల్చేసుకున్నాడని చెప్పేస్తే ఇక మళ్ళీ రానక్కర్లేదు."

వెనక్కి తిరిగి చూశాను. సింకు పక్కన రెండు కప్పులున్నాయి.

"ఇంకా తేల్చుకోలేదని చెప్పు" అన్నాను.

"అలాగా? అయితే వచ్చే వారం మళ్ళీ రావాలి" అంది, పెద్ద భారం మీద పడ్డట్టు నిట్టూర్చి.

మర్నాడు బజారుకి వెళ్ళి ఒక డబ్బా బిస్కెట్లు తెచ్చిపెట్టుకున్నాను.