పెద్దమామ వెనక్కి తీసుకున్న మాట

పెద్దమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర ఉన్నాను. ఏడుపు రాలేదు. మాట వెనక్కి తీసుకునే పోయాడు, అంతే చాలనుకున్నాను. తప్పనుకునేవాళ్లు అనుకోండి.

ఆయన నా భర్తకు పెదనాన్న, పెంచినవాడు. కొడంగల్ దగ్గరి ఊరికి చాలా ఏళ్లు సర్పంచ్. తన తర్వాత నా భర్తనే నిలబెడదామనుకున్నాడు. నా పుట్టిల్లు మాదిగవాడలో, చర్చికి పోయే ఇల్లు. మా పెళ్లయ్యాక ఊరందరి ముందు అడిగాడు, ఆ పిల్లను వదులుతావా, సర్పంచ్‌గిరీ వదులుతావా అని. నేను ఆయన గడప తొక్కొద్దన్నాడు. నా భర్త ఊరే వదిలి నాతో తాండూరు వచ్చాడు.

మూడేళ్లకు పెద్దమామ కంటి ఆపరేషన్ కోసం తాండూరు వచ్చి, వేరే దారిలేక మా గదిలో దిగాడు. తాగే నీళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆపరేషన్‌కు ముందురోజు టీవీలో ఒక డబ్బింగ్ సినిమా వచ్చింది. ఆఫ్రికాలో గద్దె ఎక్కాల్సినవాడు తెల్లమ్మాయిని పెళ్లాడతాడు. పెంచిన చిన్నాన్నే ఆమె కావాలా, గద్దె కావాలా అంటాడు. పెద్దమామ కదలకుండా చూశాడు.

"గా చిన్నాయన చెడ్డోడు గాదు బిడ్డా. భయపడ్డడు."

నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నేను మాత్రం ఊరుకోలేదు.

"ఎవరికి భయం మామా? సర్పంచ్ మీరేనాయె."

"ఓట్లకు."

కన్ను నయమయ్యాక నన్ను ఊరికి పిలిపించాడు. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టాడు. "నలుగుర్ల అన్నది నలుగుర్లనే వాపస్ తీస్కుంటున్న" అన్నాడు. ఇక పోటీ చేసేది లేదు కాబట్టే బుద్ధొచ్చిందని ఎవరో ఎత్తిపొడిచారు. అవునన్నాడు. ఆ పూట నా వంట తిని ఉప్పు తక్కువని వంక పెట్టాడు. కోడళ్లందరికీ పెట్టే వంకే నాకూ దక్కింది. పోయిన మూడేళ్లు మాత్రం నేను మాఫీ చేయలేదు. ఆయన అడగనూ లేదు.

ఆయన పోయిన మూడోరోజు పిట్టకు పెట్టడానికి పెద్దత్త నన్నే వండమంది. పొలంలో విస్తరి పరిచి దూరంగా నిలబడ్డాం. కాకి ముడితేనే పోయినాయనకు తృప్తి అంటారు. ఎంతసేపటికీ రాలేదు. నాకు ఆ నమ్మకం లేదు, అయినా చెట్ల వైపే చూస్తున్నాను. "గామె చేతి వంటనాయె, ఎట్ల ముడ్తడు" అని వరసకు ఆడపడుచు ఒకామె గొణిగింది.

పెద్దత్త ఆమె వైపు చూడను కూడా లేదు. "బతికున్ననాడు ఎన్నడన్న టైముకు తిన్నడా? ఆగుండ్రి."

ఏడ్చేవాళ్లు కూడా నవ్వారు. కాసేపటికి ఒక కాకి వాలి, కూర ముక్క ఎత్తుకుని కందిచేను గట్టు మీదికి పోయింది. దాని వెనక మరొకటి, ఇంకో నాలుగు. రెక్కలు కొట్టుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ విస్తరి మీద పడ్డాయి.