పేడతో అలికిన పికప్పు

మొన్న మా మనవడు నన్ను కారులో చింతామణికి తీసుకెళ్తూ పెట్రోలు బంకు దగ్గర ఆపాడు. అద్దం దించగానే ఆ వాసన గుప్పున లోపలికొచ్చింది. నేను చప్పున పైటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "పడదా అవ్వా నీకు?" అన్నాడు. నాకెందుకు పడదు, బాగానే పడుతుంది. పడనిది పట్టుపురుగులకు. మా ఇంట్లో పురుగులు పెంచడం మానేసి ఎన్నో ఏళ్ళయింది గానీ, ఆ సంగతి నా చేతికి ఇంకా తెలిసినట్టు లేదు.

నా పుట్టిల్లు గౌరిబిదనూరు. రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని. అరవైల మొదట్లో పెళ్ళై, చింతామణి నుంచి బాగేపల్లికి పోయే దోవలో బస్సు దిగి ఇంకా లోపలికి నడవాల్సిన ఒక ఊరికి కోడలినై వచ్చాను. ఆ ఇంట్లో మనుషుల కంటే పురుగులకే మర్యాద ఎక్కువ. నడిమింట్లో వెదురు తట్టల నిండా అవే. వాటికి ఏ ఘాటూ గిట్టదని మా అత్త తిరగమాత పెట్టనిచ్చేది కాదు, తెల్లగడ్డ ఒలవనిచ్చేది కాదు, నన్ను మల్లెపూలు ముడవనిచ్చేది కాదు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ చూడ్డానికొచ్చి, బోడి జడతో చప్పిడి పప్పు తింటున్న నన్ను చూసి, అత్త రాచిరంపాన పెడుతోందనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం మా అత్తకు నా మీద కోపమేమీ లేదు. అమ్మను కూడా కాళ్ళూ చేతులూ కడిగించాకే లోపలికి రానిచ్చింది.

ఆ ఏడు మొదటి పంట పురుగులన్నీ సున్నంరోగం తగిలి తెల్లగా బిగుసుకుపోయాయి. రెండో పంట కూడా పోతే మల్బరీ తోట కొట్టేసి వేరుశెనగ వేస్తానని మామ తేల్చి చెప్పాడు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ పురుగులు లేకపోతే ఆమెకు తెల్లవారడం ఎందుకో తెలియదు. మామకూ లోపల బాధగానే ఉండేది. తోటేమో ఊరికి దూరం. ఎద్దులబండిలో ఆకు ఇంటికి చేరేసరికి వాడిపోయేది, వాడిన ఆకు తిని పురుగు నీరసించేది. అందుకని ఆయన బెంగళూరు పోయి, మిలిటరీవాళ్ళు వదిలేస్తే ఎవరెవరి చేతులో మారిన ఒక పికప్పు కొనుక్కొచ్చాడు. ఊరంతా చుట్టూ చేరింది. ఒకవైపు తలుపుకు తాడు, ఇంకోవైపు తలుపే లేదు.

అది మా ఇంట్లో ఇంకో కోడలిలాగే చేరింది. దాని అలకలు తీర్చడానికే పొద్దంతా చాలేది కాదు. పొద్దున్నే మా ఆయన ముందు నిలబడి హ్యాండిలు తిప్పేవాడు. అది దగ్గేది, ఉమ్మేది, ఆగేది. స్ప్రింగు పట్టీ విరిగితే ఊరి కమ్మరి నాగటికర్రు సరిచేసినంత ధీమాగా దాన్నీ సరిచేసేవాడు. రేడియేటరు కారుతోందని ఎవరో చెబితే మామ అందులో గుప్పెడు రాగిపిండి వేశాడు. కారడం నిజంగానే ఆగింది. ఎండలో నాలుగు మైళ్ళు పోయి మూత తీస్తే కమ్మని అంబలి వాసన. చింతామణి మెకానిక్కు వేలు పెట్టి చూసి, "ఉప్పు ఒగటే తక్కువప్పా, మిగతాదంతా సరిగ్గా ఉండాది" అన్నాడట.

అత్త మాత్రం బండిని వాకిటి దరిదాపులకు రానివ్వలేదు. ఆమెకు కోపమొస్తే మామతో నేరుగా మాట్లాడేది కాదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే నాతో, "మీ మామకు చెప్పు, ఆ కంపుబండిని చింతచెట్టు కాడనే నిలపమని" అనేది. "మీ అత్తకు చెప్పమ్మా, ఆడ్నే నిలిపినానని" అనేవాడాయన. నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, మధ్యలో నిలబడితే చాలు.

రెండో పంట పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొర విడిచే ముందు కదలకుండా పడుకోవడాన్ని మావైపు జ్వరమంటారు. ఆ నాలుగోది దాటాక అవి తినే తిండికి అంతుండదు. ఇల్లంతా వాన కురుస్తున్నట్టు చప్పుడు. ఇంకో వారం కడుపునిండా తింటే గూడు కట్టేస్తాయి. ఆ పొద్దున పికప్పులో వచ్చిన ఆకు వేసి నేను వంటింట్లోకి వచ్చాను. రాగిముద్ద కెలుకుతున్న అత్త చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. "వాన నిలిచిపోయిందే" అంది. పోయి చూస్తే పురుగులన్నీ తలలెత్తి పెట్టుకుని ఉన్నాయి, ఒక్కటీ ఆకు ముట్టలేదు.

అత్త ఒక ఆకు తీసి వాసన చూసింది. "మీ మామను అడుగు, ఆకుమీద ఏం కప్పినాడో."

మామ ముఖం పాలిపోయింది. దోవలో పెట్రోలు అయిపోతుందేమోనని ఆయన బండి వెనకాల ఒక పెట్రోలు డబ్బా పెట్టుకునేవాడు. ఆకుకు వాసన తగలకుండా ఆ డబ్బా మీద తడి గోనెపట్టా కప్పేవాడు. పురుగులు పెంచేవాళ్ళకు ఏ సమస్య వచ్చినా తడి గోనెపట్టానే మందు. ఆరోజు తోటలో ఎండ ఎక్కువగా ఉందని, ఆకు వాడకుండా అదే పట్టా తీసి ఆకుమీద పరిచాడు. "నా చేతులారా చంపినానమ్మా" అని అరుగుమీద కూలబడ్డాడు.

ఎద్దులబండిని పంపితే ఆకు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. అంతవరకు పురుగులు ఆగవు. అత్త కొంగు బిగించి నేరుగా చింతచెట్టు కిందికి నడిచింది. డబ్బా తీసి దూరంగా పెట్టించింది. బిందెలతో నీళ్ళు పోయించి బండి వెనకభాగమంతా సీకాయతో రుద్దించింది. ఆపైన పేడ తెమ్మంది. ప్రతి పంటకు ముందు వెదురు తట్టలను ఎలా అలుకుతామో, ఆ చెక్కలను అలాగే, మూలమూలలా, ఆమే అలికింది. నేను రెండోవైపు అలికాను. మామ చొక్కా విప్పించి, చింతపండుతో చేతులు తోమించింది. ఎండకు పేడ పెళుసెక్కగానే ఆయన ముఖంలోకి చూసి, నన్ను దాటేసి, "బిన్నా రా" అంది, తొందరగా రమ్మని. ఎన్నో రోజుల తర్వాత ఆయనతో ఆమె నేరుగా అన్న మాట అది. ఆయన చొక్కా లేకుండానే బండి ఎక్కాడు.

మేమిద్దరం పాడైన ఆకంతా ఏరేసి కూర్చున్నాం. బండి రొద వినపడగానే అత్త వాకిట్లోకి పరుగెత్తింది. బండిని వాకిలి దాకా రానిచ్చింది. కొత్త ఆకు పరిచాం. కొంచెంసేపు ఏమీ లేదు. అంతలో మూలనున్న తట్టలో చిటపట మొదలైంది, పక్కదాంట్లో అందుకుంది, ఇల్లంతా కురిసింది. మామ గడప బయటే నిలబడి విన్నాడు. ఏడ్చాడు కూడా, చెమట తుడుచుకుంటున్నట్టు నటించాడు గానీ.

కొన్ని పురుగులు చచ్చిపోయాయి. మిగిలినవి చంద్రికలనే వెదురు చాపలెక్కి గూళ్ళు కట్టాయి. వేరుశెనగ మాట మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు. అప్పటి నుంచి ప్రతి పంటకూ ముందు తట్టలతో పాటు పికప్పునూ అలికేవాళ్ళం. వెనక చెక్కమీద నేను ముగ్గు కూడా వేసేదాన్ని. చింతామణి మెకానిక్కు దాని కింద దూరేముందు చెప్పులు విప్పుతాండానని ఎగతాళి చేసేవాడు.

ఆ రెండో పంట గూళ్ళు చిక్కబళ్ళాపురం తీసుకుపోయే రోజు అత్త ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. పక్కన నేను. పట్టునూలు తీసే చోట సలసల కాగే నీళ్ళలోంచి మా గూళ్ళ పోగు లేచి రాట్నమెక్కుతోంది. అక్కడి కంపుకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె మాత్రం రెప్ప వేయకుండా చూసింది. చిన్నప్పటి నుంచీ పురుగులు సాకిన మనిషి, గూడు గడప దాటాక ఏమవుతుందో అంతవరకూ చూసి ఎరగదు. "ఇంత సన్నంగా ఉంటాదా" అని ఆ పోగును వేలితో తాకబోయి, తెగుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడామెను ముసలామె అనుకునేదాన్ని. ఈమధ్య లెక్కేసి చూస్తే ఆమెకు నలభై కూడా నిండలేదు, ఇప్పటి నా కోడలికంటే చిన్నది. కాలం నన్ను మా అత్తకే అత్తంత పెద్దదాన్ని చేసింది గానీ, ఆమె ముందు చేతులు కడుక్కోకుండా నిలబడే ధైర్యం మాత్రం ఇంకా ఇవ్వలేదు.