అత్త తిరిగి తెచ్చుకున్న మట్టి

కాట్పాడిలో మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి జేసీబీతో గొయ్యి తీయించారు. మొన్న పొద్దున కూరగాయల సంచీతో వస్తూ ఆగి తొంగిచూశాను. పైన గడ్డివేళ్లు అల్లుకున్న నల్లటి మట్టి, జానెడు కూడా లేదు. దానికింద ఇటుకరంగు బంకమన్ను, అక్కడక్కడ తెల్లటి సున్నపు గడ్డలు. ఇంకా కిందికి గులకరాళ్ల గరుసు, అట్టడుగున నలిపితే పొడయ్యేంత మెత్తబడిన రాయి. ఆ రాయే ఎండకూ వానకూ చితికి, వేళ్లూ పురుగులూ తొలవగా ఎప్పటికో మట్టి అవుతుంది. చూస్తూంటే గుడియాత్తం మేనత్త గుర్తొచ్చింది.

అత్తావాళ్లకు ఊరి బయట వేరుశనగ పండే ఎర్రనేల చేను ఉండేది. ఒక వేసవిలో మా అవ్వకు తోడుగా అత్త వేలూరు ఆసుపత్రిలో ఉండగా, మామ ఇటుకబట్టీవాళ్లకు పైమట్టి గీసుకుపొమ్మని మాటిచ్చేశాడు. అత్త తిరిగొచ్చిన రోజు సెలవులకు వెళ్లిన నేనూ వెంట ఉన్నాను. చేను గుండు గీయించుకున్నట్టుంది. అత్త చెప్పులు విడిచి కాసేపు నడిచింది, వంగి గుప్పెడు గరుసు తీసి మామ చేతిలో పోసింది.

"మట్టే గదా మే, కింద యంత కావాల్నన్నా ఉండాదిలే," అన్నాడు మామ.

"కింద ఉండేది రాయి గదప్పా. అది మట్టయ్యేదాకా మనమూ ఉండము, మన బిడ్డలూ ఉండరు."

ఆ ఏడు వేసిన వేరుశనగ వేలెడెత్తు లేచి పసుపుపచ్చగా మాడిపోయింది. మామకు అన్నం సయించలేదు. అత్త బండి కట్టించి, ఎండిన చెరువులోని నల్లటి ఒండ్రు తోలించడం మొదలుపెట్టింది. ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టించింది, జనుము చల్లి పూతకొచ్చేసరికి కలియదున్నించింది. మొదట్లో తలవంచుకుని బండి వెనక నడిచిన మామకు రానురాను అత్తను మించిన పిచ్చి పట్టుకుంది. పెళ్లిపత్రిక ఇవ్వడానికొచ్చిన వాళ్లను కూడా "మీ యింట్లో పేడ యాడ పోస్తారు?" అని అడిగేవాడు. అత్త నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తేది.

నాకు పెళ్లయ్యాక మేమిద్దరం వాళ్లింటికి వెళ్తే, మజ్జిగైనా ఇవ్వకుండా చేలోకి లాక్కుపోయారు. అత్త వేళ్లతో మట్టి పెళ్లగించి అరచెయ్యి చాపింది. దాని మీద వానపాము మెలికలు తిరుగుతోంది.

"చూడమ్మా, మళ్లా వచ్చేసినాది!" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ఎండ తగల్నీయొద్దు మే," అంటూ మామ దాన్ని అందుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మట్టిలో పెట్టి కప్పాడు. ఆ ఏడు చేను నిండా వేరుశనగ పచ్చగా లేచింది.

కొండలను మట్టి చెయ్యడానికి కాలం ఎన్ని యుగాలైనా తీసుకుంటుంది, మనిషికి మాత్రం ఒక్క బతుకే ఇస్తుంది. ఆ కొంచెంలోనే వాళ్లిద్దరూ ఒక చేనుకు ప్రాణం పోశారు.