నూటికి నూరు వచ్చిన వారం

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక ఆసుపత్రి ఎముకల వార్డుకు రికార్డుల క్లర్కుగా వేశారు. అంతకుముందు పద్దెనిమిదేళ్లు పాత ఫైళ్ల గదిలో పనిచేశాను. చదివింది ఇంటర్. సగటు, శాతం, వారపు పట్టిక వంటివి పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవి. ఆ సంగతి తెలిసిన సూపరింటెండెంటు, వార్డు పనులు వేళకు అవుతున్నాయో లేదో చూపే పట్టిక తయారుచెయ్యమన్నారు.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన రోగిని చాలావరకు మర్నాడే లేపి నిలబెట్టాలి. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి. ఇందులో ముగ్గురికి పని ఉంది. డాక్టరు ఆర్డరు రాయాలి. సిస్టరు దాన్ని నర్సింగ్ పుస్తకంలో ఎక్కించి ఫిజియోథెరపిస్టుకు చీటీ పంపాలి. ఆయన ఇరవైనాలుగు గంటల్లో చీటీకి స్పందించాలి. మూడు గడులు గీశాను. తమ గడే మొదట ఉండాలని ముగ్గురూ అడిగారు. వారానికొకరిది మొదట వచ్చేలా వంతులు వేశాను.

మూడో వారం మూడు గడుల్లోనూ నూటికి నూరు వచ్చింది. వార్డు మీటింగులో చప్పట్లు కొట్టారు. నన్ను లేచి నిలబడమన్నారు కూడా.

ఆ మధ్యాహ్నం ఒక ఫైలు సరిచూడటానికి ఏడో బెడ్ దగ్గరికి వెళ్లాను. ఊరి శివారు పర్సుడీహ్ నుంచి వచ్చిన అప్పలనరసమ్మగారు, డెబ్భై దాటిన మనిషి. ఆపరేషన్ అయి అది నాలుగో రోజు. అప్పటికే దగ్గు మొదలైంది. ఒక్కసారి కూడా మంచం దిగలేదు. నేను తెలుగువాణ్ణని తెలిసి అడిగారు.

"బాబూ, నానెప్పుడు లెగాల? పొద్దున్నొకలొత్తారు, రాసుకుంటారు, ఎల్లిపోతారు. మజ్జాన్నం ఇంకొకలు. సెయ్యట్టుకున్నోలే లేరు."

కాగితాలు తిరగేశాను. డాక్టరు మొదటి రోజే నిలబెట్టమని రాశారు. కాలి మీద ఎంత బరువు వెయ్యొచ్చో రాయలేదని ఫిజియోథెరపిస్టు చీటీ మీద ప్రశ్న రాసి, తన ఫైలులో పెట్టుకుని కూర్చున్నారు. నా పట్టికలో అదీ స్పందన కిందికే వచ్చింది. ఎవరికి వారిని విడిగా అడిగాను. ఎముకలో వేసిన రాడ్డు కదిలితే మాట తనకే వస్తుందన్నది ఆయన భయం. అనుమానం ఉంటే వచ్చి అడగాలి గానీ ఆ ఫైలు తానెందుకు తెరుస్తానన్నారు డాక్టరు. వెళ్లి అడగడానికి తానేం ఆయన కింద మనిషిని కానన్నారు ఫిజియోథెరపిస్టు. సిస్టరు ఇదంతా నర్సింగ్ పుస్తకంలో మూడుసార్లు రాసిపెట్టింది. దాన్ని ఆ ఇద్దరూ తెరవరు.

"లిఖ్‌నా హమారా కామ్ హై బాబూ, పఢ్‌నా ఉన్‌కా," అంది. రాయడం వరకే తన పని, చదవడం వాళ్ల పని.

ముగ్గురూ తమ పని వేళకు చేశారు. నా పట్టిక ప్రకారం ఆవిడ విషయంలో లోటేమీ లేదు. తప్పు ఎవరిదని వెతుక్కుంటూ పోతే అది నేను గీసిన గీతల దగ్గరికే వచ్చింది.

డాక్టరును మంచం దగ్గరికి పిలిపించే హోదా క్లర్కుకు లేదు. మర్నాడు పొద్దున్నే ఏడో బెడ్ ఎదుట మూడు గడుల్లోనూ సున్నాలు వేసి పట్టికను నోటీసు బోర్డుకు అంటించాను. పావుగంటలో ముగ్గురూ నా బల్ల దగ్గరున్నారు. మీటింగు బయట వాళ్లను ఒకేచోట చూడటం నాకదే మొదలు. తనకు వేసిన సున్నా అన్యాయమనీ, మిగతా రెండూ సబబేననీ ఎవరికి వారు వాదించారు. ఫైలు బెడ్ దగ్గరుంది, అక్కడే సరిచూద్దామన్నాను.

పూర్తి బరువు వెయ్యొచ్చు, ఇందులో అడగడానికేముందన్నారు డాక్టరు. ఆ ముక్క రాయడానికేముందన్నారు ఫిజియోథెరపిస్టు. వాదన ఇంకా సాగేదే.

"ముగ్గురొచ్చినారు, పెల్లిసూపులకొచ్చినట్టు," అన్నారు అప్పలనరసమ్మగారు. "ఎవులో ఒకలట్టుకోండి, లెగుత్తాను."

మొదటి సగం వదిలేసి, రెండో సగం హిందీలో చెప్పాను. సిస్టరు వాకర్ తెచ్చింది, ఫిజియోథెరపిస్టు నడుం దగ్గర పట్టుకున్నారు, డాక్టరు కాలు ఎక్కడ వెయ్యాలో చూపించారు. ఆవిడ లేచి కిటికీ వరకు ఆరడుగులు వేశారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు రోజులుగా జరగని పని.

వారానికి ఆవిడ దగ్గు తగ్గి ఇంటికి వెళ్లారు. ఆ నాలుగు నిమిషాలు ఎవరి గడిలో రాయాలన్న దాని మీద తర్వాతి మీటింగు గంటన్నర నడిచింది, తేలలేదు. నేను మూడు గడులూ కొట్టేసి ఒక్కటే ఉంచాను: రోగి ఎన్నో రోజున నిలబడ్డారు. అందులో తమ పేరు లేదని ముగ్గురూ కలిసి ఫిర్యాదు రాశారు. వాళ్లు కలిసి సంతకం పెట్టిన మొదటి కాగితం అది.

కొత్త పట్టికలో తొలి నెల అంకెలు బాగా లేవు. చప్పట్లు లేవు. కిందటేడు నేను ముందుగానే ఉద్యోగం విరమించేదాకా ఆ గడి మార్చలేదు. ఆ గడి రాకముందు నేను లెక్కపెట్టింది కాగితాలు కదలడాన్ని. మంచం దగ్గరికి వెళ్లి చూడకుండా గడి గీయకూడదని ఆ వారం నేర్చుకున్నాను.