ఔయాంగ్ వైద్యుడి తగవు మందు

మనసుకు దెబ్బ తగిలి వచ్చిన ఏ రోగికీ ఔయాంగ్ వైద్యుడు తగవు పెట్టుకోకుండా మందుచీటీ రాసి ఎరుగడు. ఇందులో అతిశయోక్తి లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన వైద్యశాలలో వేర్లూ బెరళ్లూ తూచి పొట్లాలు కడుతున్న పెయ్‌లాన్ ఇందుకు ప్రత్యక్ష సాక్షి. పింగాణీ కప్పులన్నీ గోడకు తగిలి పగిలిపోగా, రోగులకు రేకు కప్పుల్లో టీ పోయవలసి వచ్చింది కూడా ఆవిడకే.

తెగని ఆలోచన ప్లీహంలో ముడిపడి ఆకలిని చంపుతుంది. ఆ ముడిని కోపం తెంపుతుంది. ఆ కోపాన్ని ఏడుపు చల్లారుస్తుంది. ఇది చైనాలోని సిచువాన్ వైద్యులందరూ చదువుకున్న పాఠమే. చదివి ఊరుకోనివాడు ఔయాంగ్ ఒక్కడే. పరీక్ష తప్పి మంచమెక్కిన ఒక పంతులుగారి నాడి పట్టుకుని, "మీ చేతిరాత కంటే కోడి గీతలు నయమండీ" అన్నాడు. పంతులుగారు వైద్యశాల దద్దరిల్లేలా అరిచి, ఇంటికి వెళ్లి మూడు గిన్నెల నూడుల్స్ తిన్నారు.

అటువంటి ఘనుడు సోయా గింజలు రుబ్బి మెత్తటి టోఫు చేసి అమ్మే తాన్ సుహువా ముందు ఓడిపోయాడు.

ఆమె భర్త దాగెన్ ఒక ఉదయం తక్కెడ మరిచిపోయి సంతకు వచ్చాడు. "వెళ్లి తెచ్చుకో" అంది సుహువా. తిరిగి వెళ్లే దారిలో కొండచరియ విరిగి అతని మీద పడింది. ఎనిమిది నెలలైంది. ఆమె ఏడవలేదు, తినలేదు. "నేనే పంపాను" అన్న ఒక్క మాట మీదే కూర్చుంది. బట్టలు ఒంటి మీద నుంచి జారిపోయేంతగా చిక్కిపోయింది. ఈ చలికాలం దాటదని సంతంతా చెవులు కొరుక్కుంది.

"నీ టోఫు గోడకు కొడితే గోడ పగులుతుంది" అన్నాడు ఔయాంగ్, ఆమె బల్ల ముందు నిలబడి.

"నిజమేనండి" అంది సుహువా.

"నువ్వు టోఫు అమ్ముతూ పాడే పాట విని మా వీధి కుక్కలు ఊరు వదిలిపోయాయి."

"పోనివ్వండి."

నెల రోజులు ఇదే వరస. ఆయన తిట్ల సరుకంతా అయిపోయింది కానీ ఆమెకు కోపం రాలేదు. "మీ నోరు మొద్దుబారిందండీ, సాన పట్టించుకోండి" అని పెయ్‌లాన్ నవ్వింది. ఆయన నవ్వలేదు. మరునాడు కోటు గుండీలు పెట్టుకుని నేరుగా సంతకు నడిచాడు. పెయ్‌లాన్ వెంట పరుగెత్తింది.

సంత నడిమధ్య నిలబడి అన్నాడు: "సుహువా! నీ మొగుడు నీ మాట విని వెళ్లాడనుకుంటున్నావా? ఆ సోమరి మాజాంగ్ జూదమాడటానికి జారుకున్నాడు."

సుహువా చేతిలో గరిటె లేచింది.

"నోర్ముయ్, ముసలోడా! నా మొగుడు సోమరా? ఇరవై ఏళ్లు తిరగలి తిప్పిన మనిషి! తక్కెడ తెస్తానన్నాడు, తేవడానికే వెళ్లాడు! కొండ విరిగి పడితే వెళ్లినవాడి తప్పా? పంపినదాని తప్పా? చెప్పు! ఎవరి తప్పు?"

ఆ ప్రశ్న ఆమె చెవికే తిరిగి వచ్చింది. గరిటె జారింది. బల్ల పక్కనే కూలబడి, ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఆ సాయంత్రం పక్క కొట్టువాళ్లు పెట్టిన అన్నం రెండు గిన్నెలు తిన్నది.

ఊరు మాత్రం వైద్యుణ్ణి వెలివేసింది. చచ్చినవాణ్ణి తిట్టినవాడి గడ్డం గీయనని మంగలి సగంలో కత్తి మూసేశాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్లపొదలా పది రోజులు తిరిగాడు ఔయాంగ్.

"అది మందని నేను చెప్పేస్తానండీ" అంది పెయ్‌లాన్.

"చెప్పావంటే నీ ఉద్యోగం పోతుంది. నేను రేపిన కోపమని తెలిస్తే, ఆ కోపంలో ఎవరి తప్పూ లేదని ఆమె చెప్పిన తీర్పు కూడా నాదే అనుకుంటుంది. అది ఆమెదిగానే ఉండాలి. గడ్డానిదేముంది, పెరుగుతుంది."

పదకొండో రోజున సుహువా వచ్చింది. బుగ్గల్లో రంగు తిరిగింది. కొడుకు పోయినప్పటి నుంచి మాట్లాడని ఒక పడవవాణ్ణి చెయ్యి పట్టి తెచ్చి, లోపలి గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది.

"అక్కా," అంది సుహువా పెయ్‌లాన్ చెవిలో, "ఈయన్ని బాగా తిట్టమని మీ వైద్యుడితో చెప్పు. నన్ను తిట్టినట్టే, మొహమాటం లేకుండా."

పెయ్‌లాన్ నోరు తెరిచింది. "నీకు తెలుసా!"

"నెల రోజులు నా టోఫును తిట్టి, రోజూ రెండు ముక్కలు కొనుక్కెళ్లిన మనిషి! ఏడుపు ఆగాక అర్థం కాకుండా ఉంటుందా? అర్థమైనా, ఆ రోజు నేనన్న మాట నాదే. దాన్ని ఎవరూ నాకు నేర్పలేదు. కానీ నాకు తెలిసిందని ఆయనకు చెప్పకు, అక్కా. తిట్లు మందేనన్న సంగతి ఎంతో కష్టపడి దాచుకున్నాడు, పాపం. చిన్నబుచ్చుకుంటాడు."

తరువాత ఆమె లోపలి గదికి వినబడేలా గొంతు పెంచి, "చచ్చినా ఈ ముసలాడి మొహం చూడను!" అని అరిచి, పెయ్‌లాన్‌కు కన్నుగీటి, మంగలి కొట్టువైపు నడిచింది. అక్కడ ఆమె ఏం చెప్పిందో తెలియదు కానీ, మధ్యాహ్నానికి మంగలి కత్తిపెట్టెతో తనంత తానుగా వచ్చి వైద్యశాల గుమ్మంలో నిలబడ్డాడు.