మడత కాగితాల మేడమ్

"మా ఏడుగురి పనీ ఆ మెషీనే చేసేస్తే ఇక పాపని ఎక్కడ పడుకోబెట్టాలి?"

ఈ మాట పైకే అనేశానని, పిల్లల గది ఆయా నా వైపు తిరిగి చూసినప్పుడుగానీ నాకు తెలియలేదు. ఆమె భుజం మీద నా ఎనిమిది నెలల కూతురు జోగుతోంది.

"ఇప్పుడే కాదు కదమ్మా, శుక్రవారం కదా సంతకం," అంది ఆయా, ఓదారుస్తున్నాననుకుని. అది సోమవారం.

మాది కాటాలు తయారుచేసే ఫ్యాక్టరీ. దుకాణాల్లో బల్లమీద పెట్టేవి, మందుల ల్యాబుల్లో అద్దాల పెట్టెలో ఉండేవి, అన్నీ చేస్తాం. అమ్మిన కాటాలు ఏడాదికోసారి పరీక్షకు తిరిగి మా దగ్గరికే వస్తాయి. బరువు ఎంతో ముందే కచ్చితంగా తెలిసిన ఉక్కు ముక్కలుంటాయి; ఉక్కువైనా మేం వాటిని రాళ్లనే అంటాం. ఆ రాళ్లను ఒక్కొక్కటే కాటా మీద పెట్టి, అది నిజం చెబుతోందో లేదో చూసి, సర్టిఫికెట్ రాసివ్వడం మా సెక్షన్ పని. నేను చదివిన ఫిజిక్సుకి దొరికిన ఉద్యోగం అది. ఉద్యోగంతోపాటు దొరికిన వరం మా షెడ్డు పక్కనే ఉన్న పిల్లల గది. ఉద్యోగం పోతే ఉయ్యాలా పోతుంది.

మా ఎండీగారు కృత్రిమ మేధతో నడిచే ఏర్పాటొకటి కొంటున్నారని, అది వచ్చాక మా సెక్షన్ అక్కర్లేదని నెలనుంచి వింటున్నాం. ఆయన చెడ్డమనిషేం కాదు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా తల ఊపుతారు. అందుకే షెడ్డులో ఆయన పేరు ఊకొట్టే సారు. సంతకానికి ముందు, పెద్దవాళ్లకి ఏఐ నేర్పే ఒకావిడ వచ్చి కూర్చుంటుందని, ఆవిడ చెప్పాక ఇక అడ్డేమీ ఉండదని మా సీనియర్ చెప్పాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని చకచకా ఇంగ్లీషు మాట్లాడే మనిషి దిగుతుందని అనుకున్నాం.

మంగళవారం దిగింది అరవై దాటిన ఒక పెద్దావిడ. చేతిలో గుడ్డ సంచీ, అందులో తెల్ల కాగితాల కట్ట, అరడజను పెన్సిళ్లు, టిఫిన్ డబ్బా. ఎండీగారి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మధ్యాహ్నం దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. టీ పట్టుకెళ్లినతను బయటికొచ్చి, "లోపల సారు పరీక్ష రాస్తున్నట్టు రాస్తున్నారు. రాసిన కాగితాలు ఆవిడ మడతపెట్టి గ్లాసు కింద పెడుతోంది," అన్నాడు. భోజనాల వేళకల్లా ఆవిడకి మడత కాగితాల మేడమ్ అని పేరు పడిపోయింది.

ఆ భోజనాల వేళే నేను దొరికిపోయాను. రోజూ అన్నం తిన్నాక, పరీక్ష పూర్తయిన కాటా ఒకటి పిల్లల గదికి తీసుకెళ్లి, దానిమీద తువ్వాలు పరిచి పాపని తూస్తాను. అంకె నోట్‌బుక్‌లో రాస్తాను. ఆ రోజు ఏడు కిలోల మూడు వందల తొంభై ఎనిమిది గ్రాములు. ముందురోజు కంటే పద్నాలుగు గ్రాములు తక్కువ. ఎందుకని ఫోన్‌లో ఏఐని అడిగితే పదకొండు కారణాలు చెప్పింది. ఆరో కారణం దగ్గర ఫోన్ బోర్లించేశాను.

"అంత కుదురైన కాటా మీద అంత కుదురులేని మనిషిని కూర్చోబెట్టావేం తల్లీ," అన్న గొంతు వినిపించింది. మేడమ్ ఓ మూల చిన్నపిల్లల కుర్చీలో సర్దుకుని కూర్చుని డబ్బా విప్పుకుంటోంది.

"మీరిక్కడ తింటున్నారేంటి మేడమ్? పైన గది ఉంది కదా," అన్నాను.

"మీటింగు గదిలో నాకు ముద్ద దిగదు. ముప్పై రెండేళ్లు అక్కడ గోడవారన కూర్చుని రాసుకున్నదాన్ని. ఆ మేడమ్ అనడం కూడా ఆపు. ఎవరో వెనకాల వచ్చారేమో అని లేచి నిలబడబోతాను."

"పిన్నిగారూ అననా?"

"అను. జీతం పెరగకపోయినా చుట్టరికం పెరుగుతుంది."

ఆవిడ తన కథ చెప్పింది ఆ కుర్చీలోనే. పద్దెనిమిదో ఏట ఓ పెద్ద కంపెనీలో టైపిస్టుగా చేరి, పదేళ్లు అదే పని చేసింది. తర్వాత షార్ట్‌హ్యాండు నేర్చుకుని ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు డైరెక్టర్లకి సెక్రటరీగా చేసింది. వాళ్లు చెప్పింది రాసుకోవడమే పని గనక, చెప్పనిది చూడటం అలవాటైందట.

"తల ఊపడంలో రకాలున్నాయమ్మా. గబగబా చిన్నగా ఊపితే మనసు భోజనం మీద ఉన్నట్టు. కళ్లు మూసి, మెల్లగా, లోతుగా ఊపితే ఒక్క ముక్కా అర్థం కానట్టు. తల కదపకుండా నుదురు ముడేస్తే, అప్పుడు అర్థమవుతున్నట్టు."

ఆయా పకపకా నవ్వింది. "మా సారుది రెండోది."

"మరే. అందుకే పిలిపించుకోవాల్సొచ్చింది, పాపం."

తర్వాత ఆవిడ నవ్వలేదు. చాలా ఏళ్ల కిందట తన డైరెక్టరు ఓ ప్యాకింగు యంత్రం గురించి మూడు మీటింగుల్లో కళ్లు మూసుకుని తల ఊపడం చూసిందట. ఆయనకి అర్థం కాలేదని తెలుసు. కానీ గోడవారన కూర్చున్న మనిషి నోరెత్తకూడదు. సంతకం అయింది, ప్యాకింగు షెడ్డులో నలభైమందిని ఇంటికి పంపారు. యంత్రం వచ్చాక చూస్తే వీళ్ల సీసా దాంట్లో పట్టదు. రెండు నెలలకి మళ్లీ కబురు పెడితే సగం మంది రాలేదు.

"రానివాళ్లలో మా చెల్లెలొకతె. ఆ తర్వాత ఆ గేటు వైపు తలెత్తి చూడలేదు. నా నోట్‌బుక్‌లో మాత్రం అంతా ఉంది. ఆయన ఎన్నిసార్లు తల ఊపాడో కూడా."

చివరి డైరెక్టరుకి ఏఐ వచ్చినప్పుడు కుర్రవాళ్లని అడగడం నామోషీ అనిపించి, తలుపేసి ఈవిడని అడిగాడట. ఈవిడకీ రాదు. రెండు వారాలు కూర్చుని నేర్చుకుని ఆయనకి నేర్పింది. ఆయన తనకి రాదని చెప్పకుండా, పొద్దున నడకలో కలిసే ఇంకో కంపెనీ యజమానికి ఈవిడ పేరు చెప్పాడు. "ఒకళ్లకి రాదని ఇంకొకళ్లకి తెలియకుండా ఇప్పటికి పాతికమంది వచ్చారు. అందరి తలుపులూ వేసే ఉంటాయి," అంది డబ్బా మూత బిగిస్తూ. వెళ్లేముందు నా నోట్‌బుక్ వైపు ఓసారి చూసింది.

బుధవారం నాకు పైనుంచి పిలుపొచ్చింది. రాళ్ల పెట్టె, పాత పరీక్ష కాగితాలు పది, వాటికిచ్చిన సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నారు. అన్నీ ఎత్తుకుని మెట్లెక్కాను.

గదిలో ఎండీగారు చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. ఆయన ముందు మంచినీళ్ల గ్లాసు, దాని కింద మడత కాగితం.

"మీరు కొనబోయేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఏమేం చేస్తుందో మీ మాటల్లో రాశారు కదండీ," అంది పిన్నిగారు. "దాన్ని అక్కడే ఉంచండి. ఇప్పుడు అమ్మేవాళ్లిచ్చిన నలభై పేజీలూ ఏఐకి ఇచ్చాం. మీకేం కావాలో దాన్ని అడగండి. ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా పర్లేదు, ఇవాళ తెలివితక్కువ ప్రశ్నల రోజు."

ఎండీగారు నా వైపు చూశారు, తలుపు వైపు చూశారు. తర్వాత రెండు వేళ్లతో మెల్లగా టైపు చేశారు: ఈ మెషీన్ కాటా మీద రాళ్లు ఎలా పెడుతుంది?

జవాబు తెర మీద వచ్చింది. ఈ పత్రంలో రాళ్లు పెట్టడం గురించి ఎక్కడా లేదు. మనుషులు పరీక్ష చేసి నమోదు చేసిన అంకెల్ని తీసుకుని, ఈ ఏర్పాటు సర్టిఫికెట్లు తయారుచేస్తుంది. తొమ్మిదో పేజీ చూడండి.

"దాని మాటా ఊరికే నమ్మొద్దు. పేజీ తీయండి," అంది పిన్నిగారు. ఎండీగారు తొమ్మిదో పేజీ తీసి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. తల ఊపలేదు. నుదురు ముడిపడింది. గ్లాసు కింద కాగితం తీసి విప్పుకుని, బల్లమీద పెట్టేశారు. అందులో మొదటి వాక్యం నాకూ కనిపించింది: కాటాలను తానే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తుంది.

"ఏమ్మా," అన్నారు నాతో. "రాళ్లు పెట్టేది మీరేనా, మరి?"

"మేమేనండీ. అంకెలు వచ్చేదే అక్కడినుంచి."

"మూడు మీటింగులయ్యాయి," అన్నారు ఆయన, ఎవరితోనూ కాదన్నట్టు. "అడగచ్చు కదా నేను."

పిన్నిగారు నేను తెచ్చిన పది కాగితాలు ముందుకు జరిపి, "సర్టిఫికెట్ల పనికైనా ఈ కొత్త ఏర్పాటు పనికొస్తుందో లేదో చూద్దాం. కొత్త కాటా వస్తే ఏం చేస్తావమ్మా?" అంది నాతో.

"బరువు తెలిసిన రాయి పెడతాం."

"ఇదీ అంతే. జవాబు తెలిసిన ప్రశ్నలు ముందు."

పది కాగితాల్లోని అంకెలూ, వాటి పాత సర్టిఫికెట్లూ, అమ్మేవాళ్లు వాడి చూడమని ఇచ్చిన వాళ్ల ఏఐకే ఇచ్చాం. తొమ్మిది సర్టిఫికెట్లు ముత్యాల్లా వచ్చాయి. అందులో ఒకదాని కింద, పాత సర్టిఫికెట్లో ఒక అంకె తప్పుగా ఎక్కినట్టుంది చూడండి అని ఉంది. చూస్తే నిజమే. సున్నా పాయింట్ సున్నా రెండు ఉండాల్సిన చోట సున్నా పాయింట్ రెండు. కింద సంతకం నాది. పాపకి జ్వరం వచ్చిన వారంలో రాసినది. పదో కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది, ఆ రోజు ఆ రాయి మేం పెట్టలేదు. ఏఐ ఆ గడిలో చక్కటి అంకె ఒకటి సొంతంగా వేసేసింది.

"చూశారా," అంది పిన్నిగారు. "మంచి గుమాస్తానే. మనం జారింది పట్టుకుంటుంది, లేనిది కల్పిస్తుంది. గుమాస్తా రాసింది చదవకుండా సంతకం పెట్టిన సార్లని నేను చాలామందిని చూశాను."

శుక్రవారం సంతకం అయింది. కానీ సర్టిఫికెట్లు తయారుచేసే పని వరకే. ప్రతి సర్టిఫికెట్టూ మేం చదివాకే బయటికి వెళ్లాలని ఎండీగారు ఒప్పందంలో తన చేత్తో ఒక వరుస కలిపారు. సాయంత్రం ఆయనే మా షెడ్డుకి వచ్చారు. ఇరవై కిలోల రాయి ఎత్తబోయి, దించి, చేతులు దులుపుకుంటూ, "ఏడుగురూ ఉండండయ్యా. ఇది నావల్ల కాదు," అన్నారు. మా సీనియర్ మొహం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రోజూ మధ్యాహ్నమంతా సర్టిఫికెట్లు టైపు చేసే చాకిరీ కూడా తప్పిందని మాకు ఇంకో గంటకిగానీ తట్టలేదు.

నేను పిల్లల గదికి పరుగెత్తాను. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. పిన్నిగారు పక్కనే కూర్చుని కాగితాలు సంచిలో సర్దుకుంటోంది. ఏం చెప్పాలో తెలియక పద్నాలుగు గ్రాముల సంగతి అడిగేశాను. ఆ పదకొండు కారణాలూ డాక్టరుకి చదివి వినిపించానని, ఆయన ఏదో చెప్పారని, నేను తల ఊపి వచ్చేశానని కూడా ఒప్పుకున్నాను.

"కళ్లు మూసుకునే ఊపి ఉంటావు," అంది. తర్వాత సంచిలోంచి తెల్ల కాగితాలు కొన్ని తీసి నా చేతిలో పెట్టింది. "తూచే ముందు పిల్లని ఎత్తుకో. పోయినసారికంటే బరువుందా, ఆడుతోందా, ఆకలేస్తోందా, నీకేం తోస్తే అది రాసి మడతపెట్టు. ఆ తర్వాతే కాటాని అడుగు, ఫోన్‌ని అడుగు, డాక్టర్ని అడుగు. వాళ్లు చెప్పింది అర్థం కాకపోతే తల మాత్రం ఊపకు, మళ్లీ అడుగు. రోజూ వద్దు, పద్నాలుగు గ్రాములు ఓ గుటక పాలకే అటూఇటూ అవుతాయి; వారానికోసారి చాలు."

ఆ కాగితాలు అయిపోతే నేనే కొన్నాను. వారానికోసారే తూస్తున్నాను. డాక్టరుగారిని పోయినసారి ఒకే సంగతి మూడుసార్లు అడిగాను, ఆయన విసుక్కోకుండా బొమ్మ గీసి చూపించారు. ఇవాళ తూకం రోజు. పాప నా చంకలో ఉంది, కాటా ఇంకా ఆన్ చెయ్యలేదు. కాగితం మీద రాసి మడతపెట్టేశాను: బరువెక్కింది, చెయ్యి లాగుతోంది.